థర్టీ టూ పిస్టల్‌కు ట్వెంటీ టూ బ్యారెల్: లైసెన్స్ ఉన్నవాళ్లకు అనుమతి ఇవ్వాలా, వద్దా?

పలమనేరు అబ్బాయి:
మా నాయన మాజీ సైనికుడు. ఆయన పేరు మీద పాయింట్ 32 పిస్టల్ ఉంది, అంటే గొట్టం లోపలి కొలత దాదాపు 0.32 అంగుళం. లైసెన్స్ సక్రమంగా రెన్యువల్ చేయించుకుంటూనే ఉన్నాడు. కానీ తూటాల ధర చూస్తే సాధన కోసం ఒక్కటి పేల్చడానికి కూడా చెయ్యి రాదు. పిస్టల్ బీరువాలోనే ఉంటుంది. విదేశాల్లో కొన్ని పిస్టళ్లకు పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్, తూటా దూసుకుపోయే గొట్టం అంటే బ్యారెల్, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసేసి, చిన్న తూటా పేలే పాయింట్ 22 సెట్ బిగించుకుంటారు. చెక్ దేశపు సీజెడ్ 75 పిస్టల్‌కు కడెట్ అని కంపెనీయే అలాంటి సెట్ (కిట్) అమ్మింది. ఆత్మరక్షణకని ఆయుధం ఇచ్చిన ప్రభుత్వం, దాన్ని గురి తప్పకుండా పేల్చడం నేర్చుకునే దారి కూడా చూపాలి కదా? కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రిటైర్డ్ ఆర్మరర్, చిత్తూరు:
నాయనా, ఆయుధాలు బాగుచేసే పని చేసినవాణ్ణి, నీ బాధ నాకు అర్థమైంది. ఇది బల్బు మార్చినంత సులువు కాదు. రెండు తూటాలూ తిరగేసి అడుగు చూడు. 32 తూటాకు నడిమధ్యలో గుండ్రంగా చిన్న క్యాప్ కనిపిస్తుంది, సూది అక్కడ తగలాలి. 22కు మధ్యలో ఏమీ ఉండదు. దానికి నిప్పు రాజేసే మందు అంచు మడతలో ఉంటుంది, సూది ఆ అంచు మీదే పడాలి. అంటే బ్యారెల్ ఒక్కటి మారిస్తే పని జరగదు.

ఇంకోటి, చిన్న తూటా వెనక్కి తన్నే బలం తక్కువ. పెద్ద తూటా కోసం చేసిన బరువైన స్లైడ్‌ను అది కదిలించలేదు. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1930లలో, పాయింట్ 45 పిస్టల్ వాడే సైనికులకు తక్కువ ఖర్చులో సాధన కోసం 22 తూటాతో సర్వీస్ ఏస్ అనే పిస్టల్ తెచ్చింది. ఆ చిన్న తూటాకే పెద్దదాని తన్నుడు రావాలని లోపల తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్, కదిలేలా పెట్టారు. అంత పెద్ద ఫ్యాక్టరీ అంత తల బద్దలు కొట్టుకున్న పనిని, మన ఊరి లేత్ షాపులో చేయించుకుంటానని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది.

నా దగ్గరికి ఒకాయన పిస్టల్ పట్టుకొని వచ్చాడు. మ్యాగజైన్‌లో తూటాలు పట్టడం లేదని ఆయన ఫిర్యాదు. చూస్తే అవి రివాల్వర్ తూటాలు! రెండు డబ్బాల మీదా 32 అనే ఉంటుంది మరి. పిస్టల్‌ది పొట్టి, రివాల్వర్‌ది పొడుగు. టేబుల్ మీద పక్కపక్కన నిలబెట్టి చూపిస్తే గానీ ఆయనకు తేడా తెలియలేదు. లైసెన్స్ ఉంది, జాగ్రత్త గల మనిషి కూడా. ఇక ఒకే పిస్టల్‌కు రెండు బోర్లు, అంటే రెండు గొట్టం కొలతలు, ఇస్తే?

తిరుపతి షూటర్:
పెద్దాయన మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం దగ్గర ఆగుతున్నాను సార్. పోటీల్లో ఇది కొత్త సంగతి కాదు. వాల్తర్ జీఎస్‌పీ అనే పిస్టల్ 22లోనూ వచ్చింది, 32లోనూ వచ్చింది, పైభాగం మార్చుకోవచ్చు. స్టాండర్డ్ పిస్టల్ అనే పోటీకి 22 కావాలి, సెంటర్ ఫైర్ అనే పోటీకి మధ్యలో సూది తగిలే పెద్ద తూటా కావాలి. పట్టు అదే, చేతికి అలవాటైన ట్రిగ్గర్ అదే. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా సెంటర్ ఫైర్‌లో 590 పాయింట్లు కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆ స్థాయికి చేతి అలవాటు ఎంత ముఖ్యమో షూటర్లకు తెలుసు. కంపెనీ చేసి, పరీక్షించి, నంబరు వేసిన కిట్‌ను అనుమతించాలి. లేత్ పనికి మాత్రం ససేమిరా.

తమ్ముడూ, ఒక మాట. పిస్టల్ మీ నాయనది, లైసెన్స్ ఆయనది. సాధన చేయాల్సింది కూడా ఆయనే. నీకు గురి నేర్చుకోవాలని ఉంటే ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టు. దూరం పది మీటర్లు, గుండు 4.5 మిల్లీమీటర్లు, టార్గెట్ వెనక గట్టి గోడ. ఊపిరి, వేలు, చూపు అక్కడే కుదురుతాయి.

లాయర్, చిత్తూరు:
అనుమతి సంగతి తర్వాత, ఇప్పుడు చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధం తయారు చేయడమే కాదు, మార్పిడి చేయాలన్నా అందుకు లైసెన్స్ ఉండాలి. మీ నాయన దగ్గరున్నది ఆయుధం ఉంచుకునే లైసెన్స్. మార్చే లైసెన్స్ వేరు. 2019 సవరణ తర్వాత 6వ సెక్షన్ ఒక కేటగిరీ ఆయుధాన్ని మరో కేటగిరీలోకి మార్చడాన్ని కూడా పట్టుకుంటుంది. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇంత కఠినం ఎందుకని నన్ను అడిగితే, సరైనదే అంటాను. మార్పిడికి తలుపు తెరిస్తే ముందుగా దూరేది మీ నాయన లాంటివాళ్లు కాదు.

పలమనేరు అబ్బాయి:
మేడం, శిక్ష గురించి నాకు పేచీ లేదు. దొంగచాటు పని నేను అడగడం లేదు, దరఖాస్తు పెట్టుకునే దారి అడుగుతున్నాను. 2024 ఎన్నికలప్పుడు నాయన పిస్టల్‌ను స్టేషన్‌లో డిపాజిట్ చేయడానికి నేనూ వెంట వెళ్లాను. కానిస్టేబుల్ అన్న సెల్‌ఫోన్ టార్చ్ వేసి, కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, పిస్టల్ మీది నంబరు ఒక్కొక్క అంకె చదివాడు. లైసెన్స్ బుక్‌లో నంబరు, బోరు సరిచూసి రసీదు రాశాడు. కిట్‌కు కూడా అలాగే నంబరు ఉంటే, అదే పేజీలో రాస్తే సరిపోదా?

లాయర్, చిత్తూరు:
ఆ కిట్‌ను రెండో ఆయుధంగా లెక్కపెడతారా, విడిభాగంగానా? సవరణ తర్వాత మామూలు మనిషికి మూడు కాదు, రెండు ఆయుధాలే పరిమితి. అసలు పేచీ ఇక్కడుంది.

రిటైర్డ్ ఆర్మరర్, చిత్తూరు:
నేనైతే విడి ఆయుధంగానే లెక్కపెట్టమంటాను. బ్యారెల్ పోతే ఆయుధం పోయినట్టే. దానికీ నంబరు, దానికీ రసీదు, డిపాజిట్ రోజున రెండూ టేబుల్ మీద పెట్టాలి. ఈ షరతుకు సరేనంటే కంపెనీ కిట్‌కు నేనూ ఒప్పుకుంటాను.

పలమనేరు అబ్బాయి:
సరే పెద్దాయనా, ఆ షరతుకు మేము సిద్ధం. నాయన ఈసారి రెన్యువల్‌కు వెళ్లేటప్పుడు ఇదే అడుగుతూ అర్జీ రాసిస్తాం. షూటర్ అక్కా, మా మామిడికాయల షెడ్డు పది మీటర్ల పైనే ఉంటుంది, వెనక రాతి గోడ. రాయికి తగిలి గుండు వెనక్కి చిమ్మకుండా టార్గెట్ వెనక ఏం పెట్టాలో చెప్పగలవా?