టర్కిష్ పాటలు ఇంతలా ఏడిపిస్తాయేంటి? పాతవి ఎక్కడ మొదలుపెట్టాలి?

పాటలపిచ్చి:
టర్కిష్ సీరియల్స్ చూస్తూ చూస్తూ వాటిలో పాటలకి పడిపోయాను. భాష ముక్క రాదు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని వింటుంటే ఏ పాట చూసినా వెళ్లిపోయిన మనిషి గురించే, డప్పులు మోగించి డాన్స్ చేయించే పాటలో కూడా తీరా చూస్తే విరహమే. ఎందుకండీ వీళ్లకింత ఏడుపు? సెజెన్ అక్సు, టార్కన్ తప్ప ఎవరూ తెలీదు, పాతవాళ్లని చెప్పండి.

క్యాసెట్‌కాలం:
టార్కన్ 1997లో పాడిన ఆ ముద్దు చప్పుడు పాట 'షిమరిక్' ఉంది కదా, అది కూడా సెజెన్ చేసిందే. కానీ ఆవిడ అసలు సత్తా స్లో పాటల్లో, 1984 ఆల్బమ్ 'సెన్ ఆలమా' నుంచి మొదలెట్టండి. ఓన్నో తుంచ్ అని ఇస్తాంబుల్ అర్మేనియన్ కంపోజర్, ఆయనా ఈవిడా కలిసి చేసినవి వింటే చాలు. 1996 జనవరిలో ఆయన నడుపుతున్న చిన్న విమానం కూలి చనిపోయారు, ఆ సంగతి తెలిశాక ఆ పాటలు మామూలుగా వినలేం.

ఇక ఏడుపు ఎందుకంటే, నా లెక్క ఇది. 1950ల నుంచి అనటోలియా (టర్కీలో ఆసియా వైపు భాగం) పల్లెల జనం పనికోసం ఇస్తాంబుల్ మీద పడ్డారు, ఊరి అంచుల్లో రాత్రికి రాత్రే ఇళ్లు లేపుకున్నారు, 1961లో పశ్చిమ జర్మనీతో కూలీల ఒప్పందం అయ్యాక లక్షలమంది అక్కడికీ పోయారు. మొగుడొక దేశం పెళ్లామొక దేశం. కాబట్టి ఆ పాటల్లో విరహం అంటే బ్రేకప్ ఒక్కటే అనుకోకండి. ఓర్హాన్ గెంజెబాయ్ 1975 హిట్ వినండి, తిట్టేది అమ్మాయిని కాదు, మొత్తం లోకాన్నే మునిగిపొమ్మంటాడు. ఆయన పాడే ఈ అరబెస్క్ బాణీ (అరబ్బు సంగీతం ఛాయలున్న టర్కిష్ పాట) నాటు, నిరాశ అని ప్రభుత్వ టీవీ, రేడియో చాలా ఏళ్లు గుమ్మం తొక్కనివ్వలేదు, జనమేమో మినీబస్సుల్లో క్యాసెట్లు అరగదీశారు. (ఆ 'అరబెస్క్' ముద్ర గెంజెబాయ్‌కి అసలు నచ్చదు, ఫ్యాన్స్ ముందు అనకండి.)

గమకం:
పైన చెప్పింది కరెక్టే కానీ సగం పని రాగానిది బ్రదర్. హిజాజ్ మకాం విను (మకాం అంటే వాళ్ల రాగం లాంటిది), మెట్లు దాదాపు మన కర్ణాటక సంగీతంలోని వకుళాభరణమే, శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి పెద్ద గెంతు ఉంటుందే, గుండె పట్టేసేది అక్కడే. వాళ్లు రిషభాన్ని కాస్త పైకి, గాంధారాన్ని కాస్త కిందకి జరిపి ఆ గెంతు కొంచెం ఇరుకు చేస్తారు, మామూలు కీబోర్డ్ మీద వాయిస్తే అందుకే తేలిపోతుంది. అరబెస్క్‌లో ఇంకో సంగతి, గాయకుడు లైన్ పాడి ఊపిరి తీసుకునేలోపు వయొలిన్ల గుంపు మొత్తం ఒకటే స్వరంలో జవాబిస్తుంది, హార్మనీ గీర్మనీ ఏం ఉండదు. హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒళ్లు జలదరిస్తుంది.

పాటలపిచ్చి:
జర్మనీ సంగతి నాకస్సలు తట్టలేదు!! మరి ఆర్కెస్ట్రా హడావిడి లేకుండా ఉండేవి ఏమైనా?

నిద్రపట్టదు:
నెషెత్ ఎర్తాష్. కిర్షెహిర్ వైపు జానపద గాయకుడు, ఒక్క సాజ్ (పొడుగు మెడ ఉన్న తీగల వాయిద్యం), ఒక్క గొంతు, అంతే. వేళ్లు చచ్చుబడిపోతే వైద్యానికని జర్మనీ వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు, 2012లో పోయాడు. పై గొంతులో ఎత్తుకుని కిందకి జారుతూ వచ్చే పాటలు, బొజ్లాక్ అంటారు, రాత్రిపూట మాత్రం వద్దు.

బరిష్ మాంచో 'గుల్‌పెంబె' కూడా లిస్ట్‌లో వేసుకోండి, ప్రియురాలి పాట అనుకుంటారు అందరూ, ఆయన పాడింది చనిపోయిన నాయనమ్మ కోసం. ఇంక ఉమిత్ బెసెన్ 'నికాహ్ మాసాసి' అయితే వేరే లెవెల్. ప్రియురాలితో, నీ పెళ్లికి నన్ను పిలువు, కావాలంటే సాక్షి సంతకం నేనే పెడతా అంటాడు. అక్కడ పెళ్లి రిజిస్టర్‌కి ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకడు వీడన్నమాట. ఏడవాలో నవ్వాలో మీరే తేల్చుకోండి.