2021లో మనం కోవిడ్ టీకాల ఎగుమతి ఆపడం సబబేనా? ఆఫ్రికా అనుభవంపై చర్చ

సీతమ్మధార మాస్టారు:

ఆదివారం ఉదయం బీచ్ రోడ్డులో నడుస్తూ మిత్రులతో మొదలైన వాదన ఎటూ తేలలేదు కనుక ఇక్కడ పెడుతున్నాను. పేద దేశాలకూ టీకాలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, టీకాల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థలు గావి, సెపి కలిసి ఏర్పాటు చేసిన కోవాక్స్ పథకం కింద 2021 ఫిబ్రవరి 24న ఘనా రాజధాని అక్రాలో 6 లక్షల డోసులు దిగాయి. ఆఫ్రికా ఖండానికి ఆ పథకం నుంచి అందిన మొదటి సరుకు అది, తయారైంది మన పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో. నెల తిరిగేసరికి మన దేశం నుంచి ఎగుమతులు నిలిచిపోయాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోవాక్స్‌కు అందవలసిన సుమారు 9 కోట్ల డోసులు ఎక్కడివక్కడ ఆగిపోయి, ఆ పథకానికి మన సరఫరా మళ్లీ మొదలయ్యేసరికి నవంబరు చివరి వారం వచ్చింది. సెప్టెంబరు ఆఖరుకు ప్రతి దేశంలో కనీసం 10 శాతం మందికి టీకా పూర్తి కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం కాగా, ఆఫ్రికాలోని 54 దేశాల్లో దానిని అందుకున్నవి 15 మాత్రమే.

ఒప్పందం చేసుకుని, ముందస్తుగా సొమ్ము కూడా తీసుకున్న తరువాత, ఒక ఖండం మన మీద ఆధారపడి ఉందని తెలిసి కూడా ఆపడం తప్పని నా అభిప్రాయం. పెద్దలు, పిల్లలు అందరూ తమ ఆలోచన చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గాజువాక ఉక్కు కార్మికుడు:

మాస్టారూ, నమస్కారం. మీ మీద గౌరవంతోనే మీ మాటను కాదంటున్నాను. ఆ ఏప్రిల్, మే నెలలను నేను మరచిపోలేను. దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కొత్త కేసులు నమోదైన రోజులవి. ఏప్రిల్ 22న దేశంలోని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మా ప్లాంటులోనే ద్రవ ఆక్సిజన్ నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. అదే వారంలో మా వీధిలో ఇద్దరికి పడక దొరకలేదు. మా అమ్మకు మొదటి డోసు మార్చిలో పడింది. రెండో డోసు కోసం తెల్లవారుజామున 4 గంటలకు వెళ్లి వరుసలో చెప్పులు పెట్టి, 10 గంటలకు సరుకు లేదని చెబితే తిరిగి వచ్చిన రోజులు మూడు ఉన్నాయి. మన ఇంట్లో పెద్దవాళ్లకు లేని మందును ఓడకో విమానానికో ఎక్కించే ప్రభుత్వం ప్రపంచంలో ఎక్కడ ఉంటుంది?

మరో సంగతి. ఆపడానికి ముందే మనం సుమారు 6.6 కోట్ల డోసులు బయటికి పంపాము. అదే కాలంలో ఇటలీ, ఆస్ట్రేలియాకు వెళ్లవలసిన రెండున్నర లక్షల డోసులను ఆపింది. అమెరికా తాను ఇంకా అనుమతి కూడా ఇవ్వని ఆస్ట్రాజెనెకా టీకాను (మన సీరం కోవిషీల్డ్ పేరుతో తయారు చేసినది అదే) కోట్ల డోసుల లెక్కన నిల్వ ఉంచుకుంది. తయారీకి కావలసిన ముడిసరుకును అమెరికా వదలాలని సీరం అధిపతి అదర్ పూనావాలా ఏప్రిల్‌లో బహిరంగంగా అడగవలసి వచ్చింది. తప్పు పట్టాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మురళీనగర్ (అక్రాలో ఆరేళ్లు ఉద్యోగం):

మీ ఇద్దరి మాటలూ నాకు తగిలేవే, ఎందుకంటే ఆ సమయంలో నేను అక్రాలో ఉన్నాను. నాకు మధుమేహం ఉండటం వల్ల మొదటి విడతలోనే, మార్చి మొదటి వారంలో, టీకా వేశారు. నర్సు చేతిలో ఉన్న సీసా మీద పుణె పేరు చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను. పక్కన కూర్చున్న ఘనా పెద్దాయనకు అది మా దేశంలో తయారైందని చెబితే ఆయన లేచి నాకు చేయి కలిపారు.

రెండో డోసు తేదీని కార్డు మీద రాసి ఇచ్చారు. ఆ తేదీ వచ్చింది, వెళ్లింది. ఎప్పుడు వేస్తారని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మే నెలలో వచ్చిన సరుకు పుణె నుంచి రాలేదు, కాంగో నుంచి వచ్చింది. ప్రజాస్వామ్య కాంగో దేశం మార్చి 2న 17 లక్షల డోసులు తీసుకుని, ఐరోపాలో రక్తం గడ్డకట్టిన కేసుల వార్తలు చూసి పంపిణీని ఏప్రిల్ 19 వరకు వాయిదా వేసింది. గడువులోగా వాడలేమని తేలాక 13 లక్షల డోసులను వెనక్కి ఇచ్చింది. వాటిలో మూడున్నర లక్షలు ఘనాకు చేరాయి. నా చేతికి పడిన రెండో సూది ఆ సరుకులోదే. ఇంకొకరు వాడలేకపోయినందువల్ల నాకు దక్కిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మరి ఆపడం తప్పా అంటే, అప్పుడు గోపాలపట్నంలో మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. నేను ఏ పక్షమూ తీసుకోలేకపోతున్నాను.

ఎంవీపీ కాలనీ విద్యార్థిని:

అందరికీ నమస్కారం. సరుకు వెళ్లి ఉన్నా వాడుకునేవారా అన్నది నా సందేహం. మలావీ 2021 మే 19న 19,610 డోసులను కాల్చివేసింది. నైజీరియా అదే ఏడాది డిసెంబరు 22న 10 లక్షలకు పైగా డోసులను అబూజా దగ్గర చెత్త దిబ్బలో ధ్వంసం చేసింది. టాంజానియాలో అధ్యక్షుడు మగుఫులి అసలు టీకాలే వద్దన్నారు, ఆయన మార్చిలో మరణించాక అధ్యక్షురాలైన సమియా సులుహు హసన్ జూలై 28న తాను వేయించుకుని కార్యక్రమం మొదలుపెట్టారు. కాబట్టి ఆలస్యానికి సగం కారణం అక్కడే ఉందని అనుకుంటున్నాను. తప్పయితే పెద్దలు సరిదిద్దండి.

పెందుర్తి (పాడేరు ఏజెన్సీలో టీకాల నిల్వ చూసిన విశ్రాంత ఉద్యోగిని):

అమ్మా, నీ సందేహం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అదే అంటారు. నువ్వు చెప్పిన రెండు అంకెలూ నిజమే, కానీ ఆ సీసాల మీద ఉన్న గడువు తేదీని కూడా చూడాలి. మలావీలో కాల్చినవి మార్చి 26న ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్ ద్వారా వచ్చిన 1,02,000 డోసుల్లో మిగిలినవి. వాటి గడువు ఏప్రిల్ 13. అంటే విమానం దిగిన నాటి నుంచి జిల్లా గోదాముకు, అక్కడి నుంచి ఊరికి, ఊరి నుంచి మనిషి భుజానికి చేరడానికి వాళ్లకు దక్కినవి 18 రోజులు. ఆ 18 రోజుల్లో అయిదింట నాలుగు వంతులు వేశారు. నేను ఈ పనిలో జీవితం గడిపినదాన్ని. ఆ లెక్క చూసి ఆ నర్సులకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మనవాళ్లకు కళ్లకు కట్టాలంటే మా దగ్గర జరిగింది చెప్పాలి. 2021లో పాడేరు ఇంకా విశాఖ జిల్లాలోనే ఉండేది. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు. మూత గుచ్చిన తరువాత 4 గంటల్లో ఆ పదీ వేసెయ్యాలి, లేకపోతే పారబొయ్యాలి. ఐస్ ప్యాకులు సర్దిన క్యారియర్ భుజాన వేసుకుని ఏ.ఎన్.ఎం. వాగు దాటి గూడేనికి వెళ్తే అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు, మిగతావాళ్లు పోడులో ఉన్నారు. సీసా తెరవాలా, ఆగాలా? ఆమె ఆగింది. ఆశా కార్యకర్త కొండ ఎక్కి పిలుచుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పదో మనిషి కోసం ఒక ముసలమ్మను మనవడు వీపున మోసుకొచ్చాడు. అంత కష్టపడితేనే ఒక సీసా వృథా కాకుండా ముగిసింది.

మూడు రోజుల ముందు సరుకు ఖాయమని తెలిస్తే ముందు రోజు సాయంత్రం చాటింపు వేయించేవాళ్లం, జనం పోడుకు వెళ్లకుండా ఆగేవారు. ఒకసారి పై కార్యాలయం గురువారం వస్తుందని చెప్పిన సరుకు శనివారం వచ్చింది. గురువారం పనులు మానుకుని కూర్చున్నవాళ్లు కోపంతో వెళ్లిపోయారు. మరుసటి వారం చాటింపు వేయిస్తే సగం మందే వచ్చారు. ఆ మిగతా సగాన్ని పైవాళ్లు కాగితం మీద ‘విముఖత’ అని రాసుకున్నారు. వాళ్లకు టీకా మీద విముఖత లేదు, మా మాట మీద నమ్మకం పోయిందంతే. ఆఫ్రికా గురించి విముఖత అన్న మాట విన్నప్పుడల్లా ఆ గురువారమే గుర్తుకొస్తుంది. నిజమైన భయాలు, పుకార్లు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. కానీ తేదీ తప్పిన సరుకును కూడా వాటి ఖాతాలో వేయడం అన్యాయం.

అందుకే మాస్టారి ప్రశ్నకు నా జవాబు కొంచెం వేరుగా ఉంటుంది. అప్పుడు ఆపడాన్ని నేను తప్పు పట్టను. ఆపిన పద్ధతిని తప్పు పడతాను. నిషేధం విధించామని అధికారికంగా ఎవరూ చెప్పలేదు. ఎన్ని నెలలు, ఎప్పుడు మళ్లీ, ఎంత అన్నది ఏ దేశానికీ తెలియలేదు. ఏడాది చివరికి కోవాక్స్‌కు సరఫరా మొదలుపెట్టగలమని ఆశిస్తున్నట్లు సీరం సంస్థ చెప్పినది మే 18న, అంటే దాదాపు రెండు నెలల తరువాత. ఆ మాట మార్చిలోనే తెలిసి ఉంటే ఘనా తన 6 లక్షలనూ మొదటి డోసుగానే వేసేసేదా, సగం దాచుకునేదా, మరొకరి దగ్గర కొనేదా అన్నది వాళ్లే తేల్చుకునేవారు. మురళీనగర్ బాబు కార్డు మీద ఆ నర్సు నెరవేరని తేదీ రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇది మన ఒక్కరి తప్పు కాదు, ధనిక దేశాల తప్పు ఇంతకంటే పెద్దది. 2021 రెండో సగంలో వాళ్లు దానంగా పంపిన సరుకులో చాలా భాగం చెప్పాపెట్టకుండా, దగ్గర పడిన గడువుతో వచ్చింది. నైజీరియా పారబోసిన డోసులు అలాంటివే. నవంబరు 29న ఆఫ్రికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సి.డి.సి.), ఆఫ్రికన్ యూనియన్ టీకాల కొనుగోలు సంస్థ, కోవాక్స్ కలిసి ఒక ప్రకటన చేయవలసి వచ్చింది. దేశంలో దిగేనాటికి కనీసం 10 వారాల గడువు మిగిలి ఉండాలి, వచ్చే సంగతి కనీసం 4 వారాల ముందు చెప్పాలి, వీలైనంతవరకు సిరంజిలు కూడా పంపాలి అన్నవి వాళ్ల కోరికలు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మేము మూడు రోజులు అడిగాము, వాళ్లు నాలుగు వారాలు అడిగారు. గూడేనికీ ఖండానికీ కావలసింది ఒకటే. సిరంజిల సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, 2021 అక్టోబరులో మన దేశం వాటి ఎగుమతి మీద కూడా ఆంక్షలు పెట్టింది.

గాజువాక ఉక్కు కార్మికుడు:

అమ్మా, మీరు పనిచేసిన మనిషి కనుక మీ మాట తేలికగా తీసుకోను. కానీ మార్చిలో రెండో విడత అంత భయంకరంగా వస్తుందని ఎవరికి తెలుసు? తెలియనప్పుడు నాలుగు వారాల ముందు ఎలా చెబుతారు?

పెందుర్తి:

ముందు తెలియదు, నిజమే నాయనా. ఆపిన రోజున తెలుసు కదా. ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన వారందరికీ వేస్తామని మన ప్రభుత్వమే ప్రకటించింది. అంతమందికి ఎన్ని నెలల ఉత్పత్తి కావాలో లెక్క కట్టడం కష్టం కాదు. ఆ లెక్క ప్రకారం అక్టోబరు దాకా పంపలేమని ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. మీ ప్లాంటు నుంచి వెళ్లిన ఆక్సిజన్ రైలునే తీసుకోండి. మన ఊళ్లో కూడా కొరత ఉన్నా పంపారు, పైగా రైలు బయలుదేరిన సంగతి అవతల ఎదురుచూస్తున్న వాళ్లకు తెలిసింది. ఆ ట్యాంకర్లలో ఉన్నది ఆక్సిజన్ ఒక్కటే కాదు, ఫలానా పూటకు వస్తుందన్న మాట కూడా.

సీతమ్మధార మాస్టారు:

నేను ఆలోచించని కోణం ఇది. అయినా మూలం మరొకటి ఉంది. ఆఫ్రికా తాను వాడే టీకాల్లో 1 శాతమైనా సొంతంగా తయారు చేసుకోని స్థితిలో ఉండి, కోవాక్స్ భారమంతా దాదాపు ఒకే కర్మాగారం మీద పడటం వల్ల ఇదంతా జరిగింది. 2020 అక్టోబరు 2న మన దేశం, దక్షిణాఫ్రికా కలిసి పేటెంట్ హక్కులను తాత్కాలికంగా పక్కన పెట్టమని ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. నిర్ణయం 2022 జూన్ 17న వచ్చింది, అదీ అడిగినదానిలో కొంతే. దక్షిణాఫ్రికాలోని ఆస్పెన్ కర్మాగారంలో సీసాల్లో నింపిన జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ టీకాలు కూడా కొన్నాళ్లు ఐరోపాకు వెళ్లాయి. 2040 నాటికి 60 శాతం సొంతంగా తయారు చేసుకోవాలని ఆఫ్రికన్ యూనియన్ పెట్టుకున్న లక్ష్యం నెరవేరాలని మనసారా కోరుకుంటున్నాను.

ఎంవీపీ కాలనీ విద్యార్థిని:

అమ్మా, గడువు సంగతి నాకు తెలియదు. ‘కాల్చివేశారు’ అన్న శీర్షిక చదివి అభిప్రాయం ఏర్పరచుకున్నాను. నా మొదటి మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క ప్రశ్న. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అది ఎలా సాధ్యమైంది?

పెందుర్తి:

సరుకు ఎంత ఉందో, ఏ రోజో ముందే చెప్పారు తల్లీ. సచివాలయం సిబ్బంది, వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు ముందు రోజే ఇంటింటికీ తిరిగారు. తెల్లవారేసరికి జనం వచ్చి కూర్చున్నారు.

గాజువాక ఉక్కు కార్మికుడు:

ఆపడం సబబేనన్న నా మాట మార్చుకోను, మా అమ్మ వరుసలో నిలబడిన రోజులు నాకు గుర్తున్నంతవరకు మార్చుకోలేను. అయితే ఎప్పటిదాకా ఆపుతున్నామో చెప్పకుండా ఆపడం కూడా సబబేనని నేను ఎక్కడా అనలేదు, ఇకపైనా అనను. మురళీనగర్ అన్నయ్యా, మీ కార్డు ఇంకా ఉంటే ఆ తేదీ కనిపించేలా ఒక ఫొటో ఇక్కడ పెట్టగలరా?