సబ్మిట్ చేశాక ఎస్సేలో తప్పులు కనబడ్డాయి

ప్రశ్న:
మాది తెనాలి. ఇంటర్ సెకండియర్. అమెరికాలో బీఎస్ డిగ్రీ కోసం నిన్న రాత్రి కామన్ యాప్‌లో (ఒకే అప్లికేషన్‌ను చాలా కాలేజీలకు పంపుకునే వెబ్‌సైట్) ఒక కాలేజీకి అప్లికేషన్, ఎస్సే పంపేశాను. పొద్దున్నే పీడీఎఫ్ తెరిచి చూస్తే రెండో పేరాలో ‘ఫ్రమ్’ ఉండాల్సిన చోట ‘ఫార్మ్’ అని పడింది. తాతయ్య నిమ్మతోట గురించి రాశాను కాబట్టి, ఆ మాట చూస్తే తోట అనే అర్థం వచ్చేలా ఉంది! చివరి వాక్యానికి ఫుల్‌స్టాప్ కూడా లేదు. పదకొండుసార్లు చదివానండీ, ఎలా తప్పిపోయిందో. అన్నం సయించడం లేదు. కాలేజీకి మెయిల్ పెట్టనా?

జవాబు 1:
చెల్లీ, ఇలాంటి వాటికి మెయిల్ వద్దు. మార్కులో, పుట్టినతేదీయో తప్పు పడితే తప్పకుండా రాయాలి. అక్షరదోషానికి రాస్తే లేని దృష్టి దాని మీద పడుతుంది. పంపిన కాలేజీకి ఎస్సే మార్చలేవు కానీ, ఇంకా పంపని కాలేజీలకు ఇప్పుడే సరిచేసుకోవచ్చు. నేను నా ఎస్సేలో ఒకే వాక్యం రెండుసార్లు పెట్టి పంపాను. సీటు వచ్చింది.

జవాబు 2:
నేను ఇంగ్లిష్ టీచర్‌నమ్మా. మనం రాసింది మన కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే పదకొండుసార్లు చదివినా దొరకలేదు. ఈసారి ప్రింట్ తీసి, కింది వాక్యం నుంచి పైకి చదువు. అయినా 650 పదాల్లో ఒక్క మాట తారుమారైతే తాతయ్య తోట ఎక్కడికీ పోదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా, థాంక్స్ మేడమ్. మిగతా నాలుగు కాలేజీలకు సరిచేశాను. కింది నుంచి చదివితే ఇంకో కామా కూడా దొరికింది.