చేపకు సగం పేను అనే లెక్క ఏటి సాల్మన్‌ని కాపాడుతుందా?

గాలంరాయుడు:
నార్వే పశ్చిమ తీరంలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. పక్కింటి పెద్దాయన నేర్పితే ఏట్లో సాల్మన్‌కి గాలం వేయడం అలవాటైంది. 2024 జూన్‌లో సీజన్ మధ్యలో 33 నదుల్లో వేట ఆపేశారు, మేం వెళ్ళేదీ అందులో పోయింది. "మనల్ని ఆపారు, ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఉన్న సాల్మన్ పెంచే వల పంజరాల జోలికి మాత్రం ఎవరూ పోరు" అని ఆయన ఇప్పటికీ గొణుగుతాడు. నిజమేనా? ట్రాఫిక్ లైట్ పద్ధతి అంటారు, అదేం చేస్తోంది? ఫారాల్లో పనిచేసినవాళ్ళుంటే చెప్పండి.

పేలలెక్క:
మూడేళ్ళు చేశాను. ఎవరూ పోరన్నది తప్పు. 2017 నుంచి తీరాన్ని 13 ప్రాంతాలుగా విడగొట్టారు. ఏటి నుంచి సముద్రంలోకి దిగే సాల్మన్ పిల్లల్లో, ఫారాల పేల (చేప ఒంటికి అంటుకుని దాన్ని తిని బతికే చిన్న సముద్రపు జీవులు) వల్ల చచ్చేవి 10 శాతం లోపని అంచనా వస్తే పచ్చ లైటు, ఉత్పత్తి 6 శాతం పెంచుకోవచ్చు. 30 దాటితే ఎరుపు, 6 శాతం కోత. మధ్యలో పసుపు, ఉన్నచోటే ఉండాలి. 2020లో మొదటిసారి కోత పడింది కూడా.

తేడా ఎక్కడుందో నా పని చెబితే తెలుస్తుంది. వారానికోసారి పంజరంలోంచి కొన్ని చేపల్ని తీసి, మత్తుమందు కలిపిన తొట్టెలో వేస్తాం. మత్తెక్కాక ఒక్కోదాన్నీ తిప్పి చూస్తూ పేలు లెక్కపెట్టాలి. పెద్ద ఆడ పేను సులువే, తోక వెనక రెండు గుడ్ల దారాలు వేలాడుతుంటాయి. పిల్ల పేల కోసమే కళ్ళు పోతాయి. తొట్టె అడుగున రాలినవీ కలపాలి. చలికి వేళ్ళు కొయ్యబారినప్పుడు అడుగు చూడబుద్ధి కాదు, నా సంగతే చెబుతున్నాను.

పరిమితి చేపకు సగటున 0.5 పెద్ద ఆడ పేను. పిల్లలు దిగే ఆ ఆరు వారాలు 0.2. వినడానికి మహా కఠినం. కానీ ఒక పంజరంలో 2 లక్షల చేపల దాకా ఉండొచ్చు. 0.2 చొప్పున 40 వేల ఆడ పేలు! పది పంజరాలకు 4 లక్షలు, ఒక్కోదానికి గుడ్లు వందల్లో. నా కాగితంలో మాత్రం అంతా రూల్ ప్రకారమే. పక్కనుంచి వెళ్ళేది జానెడు లేని పిల్ల, పది పేలు పట్టినా బతకడం కష్టం. చేపకెన్ని అని కాదు, ఫ్యోర్డ్ మొత్తానికి ఎన్ని అని అడగాలి.

ఉప్పునీరు:
అన్నా, పరిమితి ఇంకా బిగిస్తే బాధపడేది మా చేపే. పేలు రాలడానికి 30 డిగ్రీల వేడినీళ్ళలో ముంచుతుంటే ఎలా తన్నుకుంటాయో మీరూ చూసే ఉంటారు. పైగా ఎరుపు పడితే ప్రాంతమంతటికీ ఒకటే శిక్ష. పేలు తక్కువ పెట్టుకున్నవాడికి మిగిలేదేంటి?

పసిఫిక్‌గట్టు:
ఇంత గోల ఎందుకండీ? బ్రిటిష్ కొలంబియాలో 2029 జూన్ 30 తర్వాత సముద్రంలో వల పంజరాలు ఉండకూడదని కెనడా 2024లోనే ప్రకటించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2017లో ఒక ఫారం కూలి రెండు లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్ బయటపడ్డాయి. మరుసటేడే అలాంటి పరాయి చేపల పంజరాలు ఆపే చట్టం తెచ్చారు.

పేలలెక్క:
మీ దగ్గర అది పరాయి జాతి, తీసేయమనడం తేలిక. ఇక్కడ ఫారం చేపా ఏటి చేపా ఒకే జాతి. తప్పించుకున్నది నదెక్కి జతకడుతుంది, మళ్ళీ విడదీయలేం. పైగా ప్రపంచంలో పెంచే అట్లాంటిక్ సాల్మన్‌లో సగం నార్వేదే. నిషేధం అంటే ఇక్కడ ఎవరూ వినరు.

ఉప్పునీరు తమ్ముడు అన్నదాంట్లో శిక్ష సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే ఫారం ఫారానికీ పేల కోటా పెట్టాలంటాను. 2025లో ప్రభుత్వం ప్రతిపాదించినదాంట్లో ఆ ఆలోచన ఉంది. కోటా మిగలాలంటే చేపలైనా తగ్గించుకోవాలి, మూసిన తొట్టెలైనా పెట్టుకోవాలి. లోతు నుంచి నీళ్ళు తోడితే పేలు పెద్దగా రావు, పై నీళ్ళలోనే తిరుగుతాయి కాబట్టి. వేడినీళ్ళ గొడవా తగ్గుతుంది. ఖర్చంటారా, అది ఎలాగూ ఇప్పుడు ఏరు భరిస్తోంది.

గాలంరాయుడు:
40 వేల లెక్క పెద్దాయనకు చెప్పాను. కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించాడు. ఈ పేల లెక్కలు బయటివాళ్ళం చూడొచ్చా?

పేలలెక్క:
చూడొచ్చు. బారెంట్స్‌వాచ్ సైట్లో ప్రతి ఫారందీ వారం వారం ఉంటుంది. మ్యాపులో మీ ఏటి ముఖద్వారం దగ్గరివి పట్టుకుని, వాటిలో చేపలెన్ని ఉండొచ్చో అడిగి, గుణించి చూడమనండి.