స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ 9, స్కోపస్‌లో 4: దరఖాస్తులో ఏది రాయాలి?

ప్రశ్న (కాకినాడ): కమ్యూనిటీ మెడిసిన్‌లో ప్రమోషన్ దరఖాస్తండి. పేరు చివర ‘రాజు’. స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల డేటాబేస్) ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లు కనిపిస్తున్నాయి. గూగుల్ స్కాలర్‌లోనేమో రొయ్యల చెరువుల మీద ఎవరో రాసిన పేపర్లు కూడా వచ్చి చేరాయి. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

జవాబు (లైబ్రేరియన్, అమలాపురం): హెచ్-ఇండెక్స్ అంటే, ఒక్కోటి కనీసం 5 సార్లు ఇతరులు ఉటంకించిన పేపర్లు 5 ఉంటే హెచ్ 5 అన్నమాట. ఆ అంకె సంగతి తర్వాత చూద్దామండి, ముందు పేరు తేలాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నల్ ఫారమ్ ‘లాస్ట్ నేమ్’ అడుగుతుంది. ఒక పేపర్లో అక్కడ ఇంటిపేరు పడుతుంది, ఇంకోదాంట్లో రాజు, మరోదాంట్లో సత్యనారాయణ. డేటాబేస్ లెక్కలో వాళ్లు ముగ్గురు. పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్లు వెతికే సైటు) ‘రాజు ఎస్’ అని కొట్టి చూడండి, భీమవరం నుంచి బోస్టన్ దాకా ఉన్న రాజులంతా దిగుతారు.

మొదట ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబరు) తీసుకోండి, ఉచితమే. 16 స్థానాల నంబరు. చివర ‘ఎక్స్’ వస్తే కంగారుపడకండి, అది కూడా నంబర్లో భాగమే. ‘ఆల్సో నోన్ యాజ్’ గడిలో పేరు పాత రూపాలన్నీ ఎక్కించండి. పేపర్లను డీఓఐతోనో (పేపరుకిచ్చే శాశ్వత నంబరు) పబ్‌మెడ్ ఐడీతోనో చేర్చండి. చేత్తో టైప్ చేసి ఐడీ వదిలేస్తే అదే పేపరు రెండుసార్లు కనబడుతుంది.

స్కోపస్‌కు కాలేజీ చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూ అనే ఉచిత పేజీలో ఆథర్ సెర్చ్ పనిచేస్తుంది. మూడు ప్రొఫైళ్లకూ టిక్ పెట్టి మెర్జ్ (ఒకటిగా కలపమనే) రిక్వెస్ట్ పంపండి. సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ఉటంకింపులు) మూడు చోట్ల చీలిపోయి ఉన్నాయి కాబట్టి, ఆ 4 ఒక్క ప్రొఫైల్‌దే అయ్యుంటుంది.

స్కాలర్‌లో రొయ్యల పేపర్లు డిలీట్ చేయగానే సరిపోదు. కొత్త పేపర్లు ఆటోమేటిగ్గా చేరే సెట్టింగ్ మార్చి, ముందు ఈమెయిల్‌లో అడిగేలా పెట్టండి. లేకపోతే ఆ రొయ్యల రచయిత తర్వాతి పేపరూ మీ ఖాతాలోనే పడుతుంది. ప్రీప్రింటు (అచ్చుకు ముందు ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), అచ్చయిన పేపరు విడివిడిగా ఉంటే రెండింటికీ టిక్ పెట్టి మెర్జ్ చేయండి.

జవాబు (బయోస్టాటిస్టిక్స్, రాజమహేంద్రవరం): శుభ్రం చేశాక కూడా రెండు అంకెలూ కలవవు. స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ కూడా లెక్కిస్తుంది. స్కోపస్ తన జాబితాలో ఉన్నవాటినే.

లెక్క చేత్తో సరిచూసుకోండి. తొమ్మిది పేపర్ల సైటేషన్లు పెద్దదాని నుంచి: 41, 18, 12, 7, 5, 5, 3, 1, 0. ఐదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 6 లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5, ఐ10 (కనీసం 10 సైటేషన్లున్న పేపర్ల సంఖ్య) మూడు. ఇప్పుడు ఆ 41 కాస్తా 4,000 అయిందనుకోండి, హెచ్ అయిదే! అందుకే వందలమంది రచయితలున్న గ్లోబల్ బర్డెన్ (ప్రపంచ వ్యాధి భారం అధ్యయనం) పేపర్లలో ఒకదాంట్లో పేరుంటే మొత్తం సైటేషన్లు ఆకాశాన్ని అంటుతాయి గానీ హెచ్ పెద్దగా కదలదు. మొత్తం ఒక్కటే చూసి మురిసిపోయే కమిటీలూ ఉన్నాయి, అది వేరే కథ.

జవాబు (బయోకెమిస్ట్రీ, ఏలూరు): ఏ రకం పేపరన్నదీ చూడాలండి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్క్‌తో కలిసి 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలత పేపరు పద్ధతి పేపరు. అలాంటివి ల్యాబ్‌లో వాడిన ప్రతివాళ్లూ ఉటంకిస్తారు. ఊళ్లో చేసిన రక్తహీనత సర్వేకి అన్ని రావు, దాన్నిబట్టి సర్వే నాసిరకమనకూడదు. అన్నట్టు ఆ పేపరును ‘ఎల్లాప్రగడ’ అని వెతికితే దొరకదు, ‘సుబ్బారో వై’ అని వెతకాలి.

అడిగినవారు: పబ్‌మెడ్‌లో కనిపిస్తే ఇండెక్స్ అయినట్టే కదండీ?

లైబ్రేరియన్: కాదండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పబ్‌మెడ్ వెతికే చోటు మాత్రమే; జర్నల్ మెడ్‌లైన్‌లో (ఎంపిక చేసిన వైద్య జర్నళ్ల సూచీ) ఉందా అన్నది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్‌ఎల్‌ఎం) క్యాటలాగ్‌లో ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ నంబరు) కొట్టి చూడాలి. వైద్య అధ్యాపకుల అర్హతల నిబంధనలకు భారత వైద్య మండలి (ఎంసీఐ) తెచ్చిన 2020 సవరణలో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, ఎంబేస్, స్కోపస్, డీఓఏజే లాంటివే చెప్పారు; ఇండెక్స్ కోపర్నికస్ అందులో లేదు. మొదటి ముగ్గురిలో గానీ కరస్పాండింగ్ ఆథర్‌గా గానీ పేరుండాలన్నారు. మీ దరఖాస్తు నాటికి అమల్లో ఉన్న ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నోటిఫికేషన్ ఏమంటోందో విడిగా చదవండి. స్కోపస్‌లోనైతే జర్నల్ పేరు పక్కన కవరేజీ ఏళ్లు చూడండి. 2019తో ఆగిపోయిన జర్నల్‌లో 2021 పేపరు వేస్తే ఆ పేపరు లెక్కలోకి రాదు.

బయోస్టాటిస్టిక్స్: దరఖాస్తులో డేటాబేస్ పేరు, చూసిన తేదీ, అంకె, మూడూ ఒకే వరుసలో రాయండి. కింద ఆర్కిడ్ నంబరు ఇవ్వండి. స్కోపస్ మెర్జ్ ఇంకా పెండింగ్‌లో ఉంటే ఆ మాట కూడా రాసి, మూడు ప్రొఫైళ్ల స్క్రీన్‌షాట్లు జతచేయండి. మూడు హెచ్‌లను కూడి మాత్రం రాయకండి.

లైబ్రేరియన్: ఇంకోటండి. ఆర్కిడ్‌కు కాలేజీ ఈమెయిల్ ఒక్కటే ఇవ్వకండి. బదిలీ అయిన రోజున మెయిల్ మూసేస్తే పాస్‌వర్డ్ మార్చుకునే దారి ఉండదు. జీమెయిల్ రెండోదిగా ఇప్పుడే చేర్చేయండి.