ఎగిరే హీరో విమానం వెనక గాలి సుడిలో చిక్కుకునే సీన్ ఎక్కడైనా ఉందా?

బెంగళూరులో ఉంటాను, తెలుగులో ఒక కామిక్ గీస్తున్నా, అందులో ఎగిరే అమ్మాయి 35,000 అడుగుల ఎత్తులో ప్యాసింజర్ విమానం వెనకాలే వస్తుంది, స్పీడు గంటకి దాదాపు 900 కిలోమీటర్లు. రెక్కల కొసల నుంచి రెండు గాలి సుడులు పుట్టి వెనకాల మెల్లగా కిందికి దిగుతాయి కదా, చిన్న విమానాన్నే బోర్లా తిప్పేస్తాయి, మరి మనిషి పరిస్థితేంటి? అది ఎలా గీయాలో తెలియక ఆగిపోయా.

1978 సూపర్‌మ్యాన్‌లో పిడుగు పడి ఇంజిన్ పోయిన విమానాన్ని హీరో కాపాడతాడు, 2008 ఐరన్‌మ్యాన్‌లో రెండు ఎఫ్-22 యుద్ధ విమానాలు హీరో వెంటపడతాయి. రెండూ మళ్ళీ చూశా, చాలా బాగున్నాయి గానీ నాకు కావాల్సిన సుడి కనబడలేదు. చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో కామిక్స్ తిరగేశా, నెట్‌లో వేక్ టర్బులెన్స్ (ఈ గాలి సుడుల్నే ఇంగ్లీషులో అలా అంటారు) అని కొడితే పైలట్ల వీడియోలే వస్తున్నాయి.

ఎగిరే క్యారెక్టర్ ఆ సుడిలో పడి అదుపు తప్పే సీన్ మీరు ఏ సినిమాలో, కామిక్‌లో లేదా యానిమేలో చూశారు?