టెక్నికల్ గోలకి మన మాట సోదా, సుత్తా?

ఆమదాలవలస: కుర్రోళ్ళు సర్వరు, కెర్నలు అని మాట్లాడుకుంటుంటే పెద్దోళ్ళు "ఏటా సోది?" అంటారు. కొందరు సుత్తి అంటారు. రెండూ ఒకటేనా మేస్టారూ? గీక్ (కంప్యూటర్ పిచ్చోడు), నెర్డ్ (పుస్తకాల పురుగు), జార్గన్ (ఒక పనివాళ్ళకే తెలిసే మాటలు) ఎక్కణ్ణుంచొచ్చాయి?

బొబ్బిలి: ఒకటి కాదు బాబూ. సోది అసలు సోదె, ఎరుకలసాని చెప్పే జోస్యం. గుక్క తిప్పుకోకుండా సాగుతుంది, వినేవాళ్ళకి సగమే బోధపడుతుంది. సుత్తి అలాక్కాదు, బోధపడిందే మళ్ళీ మళ్ళీ నెత్తిన మోదడం. 1982లో 'నాలుగు స్తంభాలాట' సినిమాతో ఊరూరా పాకింది. టెక్నికల్ మాటలకి సోదే సరైంది.

పాలకొండ: జార్గన్ పాత ఫ్రెంచిలో పక్షుల కిచకిచ. గీక్ మొదట తెలివితక్కువవాడు. తర్వాత అమెరికా సంతల్లో బతికున్న కోడి తల కొరికి చూపించే ఆటగాడికి ఆ పేరు పెట్టారు, కంప్యూటర్ల దగ్గరికి చాలా ఆలస్యంగా వచ్చింది. నెర్డ్ 1950లో డాక్టర్ స్యూస్ పిల్లల పుస్తకంలో ఒక జంతువు పేరు. మరుసటేడే డెట్రాయిట్ కుర్రాళ్ళ వాడుకగా పత్రికకెక్కింది. కంప్యూటర్లో లోపాన్ని బగ్ అంటారే, అది కూడా దీపప్పురుగు నుంచే కదా?

బొబ్బిలి: అక్కడే పొరబడతారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 అనే తొలినాటి కంప్యూటర్లో 70వ రిలేలో (కరెంటు స్విచ్చులో) దీపప్పురుగు దొరికింది. దాన్ని లాగ్‌బుక్కులో టేపుతో అంటించి, నిజంగానే పురుగు దొరికిన మొదటి సందర్భం అని పక్కన రాశారు. ఆ 'నిజంగానే' చూడండి. బగ్ అన్న మాట అప్పటికే వాడుకలో లేకపోతే అలా రాయరు. 1878లోనే ఎడిసన్ ఉత్తరంలో వాడాడు. మాట పుట్టుక వెతికేటప్పుడు ముందు రాతలో దొరికిన తొలి ఏడాది చూడాలి, తర్వాత అప్పటి అర్థం. కథ ఆఖర్న.

ఆమదాలవలస: మన పండితులకీ ఇలాంటి మాటలున్నాయా?

బొబ్బిలి: ఉన్నాయి. నాకు బాగా నచ్చినది తెలుగు వ్యాకరణంలోని సంధి, గసడదవాదేశం. ప్రథమా విభక్తి పదం తర్వాత వచ్చే క చ ట త ప లు గ స డ ద వ లవుతాయి: వాడు + కొట్టె = వాడు గొట్టె, అపుడు + పోయె = అపుడు వోయె. వచ్చే అయిదక్షరాల్నీ వరసగా పేర్చి పేరు కట్టేశారు. తెలియనివాడికి సోదె, తెలిసినవాడికి పేరులోనే సూత్రం. పిల్లలు తప్పేది సరళాదేశం అనే ఇంకో సంధితో కలిపేసి. అందులో చ, ప లు జ, బ లవుతాయి, ఇక్కడ స, వ లు. మిగతా మూడూ రెండింట్లోనూ ఒకటే, కాబట్టి చ, ప ల దగ్గరే ఆగి చూసుకోవాలి.